టైటానిక్ ఎక్కిన గుంటూరు పిల్ల: నగరపాలక సంస్థకు, లూథరన్ సంఘం పెద్దలకు, చరిత్ర టీచర్లకు బహిరంగ లేఖ

గుంటూరు నగరపాలక సంస్థ అధికారులకు, ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం పెద్దలకు, మన ఊరి బడుల్లో చరిత్ర చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు,

నమస్కారం. ముగ్గురికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. అడగబోయే పని ముగ్గురూ తలా ఒక చెయ్యి వేస్తే తప్ప అయ్యేది కాదు. విషయం టైటానిక్. ఆ ఓడకీ మన ఊరికీ ఏం సంబంధం అని ఇక్కడే పక్కన పడేయకండి. సంబంధం ఉంది.

1899 అక్టోబరు 28న గుంటూరులో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు రూత్ బెకర్. తండ్రి అలెన్ బెకర్, తల్లి నెల్లీ, అమెరికా నుంచి వచ్చి ఇక్కడ లూథరన్ మిషన్‌లో పనిచేస్తున్న దంపతులు. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన ఆ మిషన్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మూలాలు అక్కడే ఉన్నాయి. డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం కట్టించిన ఆసుపత్రి రూత్ పుట్టడానికి ఏడాది ముందే తలుపులు తెరిచింది. అంటే ఆ పిల్ల మనం ఇప్పటికీ తిరిగే వీధుల మధ్యే పెరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో గుంటూరు ఇంకా కొత్త జిల్లా, జిల్లాగా ఏర్పడింది 1904లో, అప్పటికి రూత్‌కి అయిదేళ్ళు నిండబోతున్నాయి.

1912లో ఆ ఇంట్లో చిన్నవాడు రిచర్డ్‌కి రెండేళ్ళు కూడా నిండలేదు, జబ్బు పడ్డాడు. ఇక్కడే ఉంటే కష్టమని, అమెరికా తీసుకెళ్ళమని డాక్టర్లు చెప్పారు. అంతకుముందే ఆ దంపతులకి ఇంకో కొడుకు పుట్టి చిన్నతనంలోనే ఇండియాలో పోయాడు, కాబట్టి ఈ మాట విన్న తల్లికి ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుందో ఊహించుకోండి. భర్త తర్వాత వస్తాడని అనుకుని, నెల్లీ ముగ్గురు పిల్లల్ని తీసుకుని బయలుదేరింది. పన్నెండేళ్ళ రూత్, నాలుగేళ్ళ మేరియన్, చంకలో రిచర్డ్. మిచిగన్‌లోని బెంటన్ హార్బర్ వాళ్ళు చేరాల్సిన చోటు. ఇంగ్లండ్ దాకా వచ్చి, ఏప్రిల్ 10న సౌతాంప్టన్‌లో కొత్త ఓడ ఎక్కారు, సెకండ్ క్లాస్ టికెట్ మీద. అన్నీ కొత్తవి, ఎవరూ వాడనివి, గది హోటల్ గదిలా ఉంది అని రూత్ ముసలితనంలో కూడా గుర్తు చేసుకునేది.

ఆ తర్వాత జరిగింది లోకమంతటికీ తెలుసు, కానీ లోకానికి తెలిసిన కథలో ఈ కుటుంబం లేదు, ఉన్నా ఒక మూల ఉంది. అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

ఏప్రిల్ 14 రాత్రి 11.40కి ఓడ మంచుకొండని రాసుకుంది. నెల్లీకి మెలకువ వచ్చింది శబ్దం వల్ల కాదు, ఇంజిన్లు ఆగిపోవడం వల్ల. నాలుగు రోజులుగా అలవాటైన ఆ అదురు ఒక్కసారిగా లేకపోతే తల్లులకి మెలకువ వస్తుంది. బయటికొచ్చి ఒక స్టివార్డుని అడిగితే చిన్న ప్రమాదం జరిగింది, బాగుచేస్తున్నారు, కాసేపట్లో కదులుతాం, వెళ్ళి పడుకోండి అన్నాడు. ఆమె వెళ్ళి పడుకుంది కూడా. కానీ మనసు ఒప్పలేదు, మళ్ళీ లేచి ఇంకొకళ్ళని అడిగింది, ఈసారి వచ్చిన జవాబు వేరు: లైఫ్‌బెల్టులు కట్టుకుని వెంటనే పైకి రండి. రాత్రి బట్టల మీదే కోట్లు తొడిగి పిల్లల్ని పైకి తెచ్చింది. పైన చలి చూసి దుప్పట్లు తెమ్మని రూత్‌ని మళ్ళీ కిందికి పంపింది. పన్నెండేళ్ళ పిల్ల, మునుగుతున్న ఓడలో, ఎఫ్ డెక్ అనే కింది అంతస్తు దాకా దిగి, గదిలోంచి దుప్పట్లు పట్టుకుని తిరిగి పైకొచ్చింది. మన ఇళ్ళలో పెద్దపిల్లకి చెప్పినట్టే చెప్పారు, ఆ పిల్లా మన పెద్దపిల్లల్లాగే మాట్లాడకుండా చేసింది.

తర్వాత 11వ నంబరు పడవ దగ్గర ఒక ఆఫీసరు మేరియన్‌ని ఎత్తి లోపల పెట్టాడు, రిచర్డ్‌ని ఎత్తి లోపల పెట్టాడు, ఇంక నిండిపోయింది దించండి అన్నాడు. నెల్లీ అరిచింది, వాళ్ళు నా బిడ్డలు, నన్ను ఎక్కించండి అని. ఎక్కించారు. రూత్ డెక్ మీదే మిగిలిపోయింది. పడవ కిందికి దిగుతుంటే తల్లి పైకి చూసి చెప్పగలిగింది ఒకటే, ఇంకో పడవ ఎక్కమని. రూత్ పక్కనున్న 13వ పడవ దగ్గరికి నడిచి, ఆఫీసరుని, నేను ఎక్కవచ్చా అని అడిగింది. ఆయన సరేనని ఎత్తి లోపల వేశాడు. ఒక ప్రాణం నిలబడటం ఆ అడగడం మీద ఆధారపడింది, ఇది చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది.

13వ పడవ కూడా తేలిగ్గా బయటపడలేదు. ఓడ పక్కనుంచి నీళ్ళు బయటికి వదిలే పెద్ద ధార ఒకటి ఉంటుంది. ఆ ధార తోపుకి ఈ పడవ జరిగి సరిగ్గా 15వ పడవ కిందికి వచ్చింది. పైనుంచి 15వ పడవ నిండా జనంతో దిగుతోంది. కిందివాళ్ళు ఆపండి ఆపండి అని అరుస్తున్నా పైవాళ్ళకి వినపడలేదు. ఆఖరి క్షణంలో ఎవరో కత్తితో తాళ్ళు కోస్తే ఈ పడవ పక్కకి జరిగింది. ఆ పడవలో బాయిలర్ల దగ్గర బొగ్గు వేసే కార్మికులు ఉన్నారు, ఆ వేడిలో పనిచేసే వాళ్ళు కదా, ఒంటి మీద పల్చటి బట్టలే, చలికి వణికిపోతున్నారు. రూత్ తెచ్చిన దుప్పట్లు అక్కడ వాళ్ళకి కప్పారు. తల్లి చెల్లి కోసం, తమ్ముడి కోసం తెప్పించిన దుప్పట్లు అవి.

తెల్లవారుజామున 2.20కి ఓడ మునిగింది. ఆ అరుపులు రూత్ జీవితాంతం మర్చిపోలేదు. నీళ్ళ చలి సున్నాకి రెండు డిగ్రీలు కింద. దాదాపు పదిహేను వందల మంది పోయారు, బతికింది సుమారు ఏడు వందల మంది. కార్పేథియా అనే ఓడ తెల్లవారుతుండగా వచ్చి పడవల్లోని వాళ్ళని ఎక్కించుకుంది. దాని మీద రూత్ తల్లిని వెతుక్కుంటూ తిరుగుతుంటే ఒకామె వచ్చి నువ్వు రూత్ బెకర్‌వా, మీ అమ్మ నీ కోసం అంతా వెతుకుతోంది అంది. అంతకుముందు 13వ పడవలో, బిడ్డ వేరే పడవలో వెళ్ళిపోయిందని ఏడుస్తున్న ఒక తల్లిని రూత్ ఓదార్చింది, ఆ తల్లికీ బిడ్డ కార్పేథియా మీద దొరికింది.

ఏప్రిల్ 18 రాత్రి న్యూయార్క్ చేరారు. బెకర్ కుటుంబంలో ఓడ ఎక్కిన నలుగురూ బతికారు. రిచర్డ్, అంత జబ్బుపడ్డ పిల్లాడు, 1975 దాకా బతికాడు. మేరియన్ మాత్రం 1944లోనే క్షయతో పోయింది. నెల్లీ 1961 వరకు ఉంది, కానీ ఆ రాత్రి మాట ఎత్తితే ఏడవకుండా ఉండలేకపోయేది. రూత్ చదువుకుంది, హైస్కూల్ టీచర్ అయింది. చాలా దశాబ్దాలు టైటానిక్ మాట ఎత్తలేదు, తన సొంత పిల్లలకి కూడా వాళ్ళు చిన్నగా ఉన్నప్పుడు చెప్పలేదు. పెద్ద వయసులో మాట్లాడటం మొదలుపెట్టింది, 1980లలో బతికున్న వాళ్ళ సభలకి వెళ్ళింది. 1990లో, ఆ రాత్రి తర్వాత మొదటిసారి ఓడ ఎక్కి మెక్సికో వైపు వెళ్ళొచ్చింది. అదే ఏడాది జులైలో కాలిఫోర్నియాలో, తొంభై ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆమె చితాభస్మాన్ని 1994లో ఆ ఓడ మునిగిన చోటే సముద్రంలో కలిపారు.

ఇదంతా ఎవరో దాచిన రహస్యం కాదు. ఇంగ్లిష్‌లో టైటానిక్ ప్రయాణికుల గురించి రాసే ప్రతి చోటా ఆమె పేరు పక్కన పుట్టిన ఊరు 'గుంటూరు' అని ఉంటుంది. అట్లాంటిక్ అవతల మన ఊరి పేరు ఈ వరుసలో చదివే వాళ్ళున్నారు. ఇక్కడ అడిగి చూశాను, చాలామందిని. మిర్చి యార్డు దగ్గర వ్యాపారం చేసే స్నేహితుడి నుంచి బ్రాడీపేటలో ట్యూషన్ చెప్పే మాస్టారి దాకా, ఆ ఓడ గురించి అందరికీ తెలుసు, రూత్ బెకర్ పేరు విన్నవాళ్ళు దొరకలేదు. బాధేసింది. జాంజ్‌గీర్ సంగతి తెలిశాక ఇంకా బాధేసింది. ఛత్తీస్‌గఢ్‌లోని ఆ చిన్న ఊళ్ళో పనిచేసిన అన్నీ ఫంక్ అనే మిషనరీ (మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ ఆమెది) కూడా అదే ఓడలో, అదే సెకండ్ క్లాసులో ఉంది. తల్లికి జబ్బుగా ఉందని కబురొస్తే బయలుదేరింది, ఆమె ఎక్కాల్సింది వేరే ఓడ, బొగ్గు గనుల సమ్మె వల్ల అది కదలకపోతే ఇంకొంత డబ్బు కట్టి దీనికి మారింది. ఏప్రిల్ 12న ఓడ మీదే ముప్పై ఎనిమిదో పుట్టినరోజు, పదిహేనున మరణం. తన చోటు వేరే తల్లికి ఇచ్చిందని ఒక కథ చెప్పుకుంటారు, దానికి గట్టి సాక్ష్యం లేదు కాబట్టి దాన్ని నేను పట్టుకోను. కానీ ఆమె మొదలుపెట్టిన ఆడపిల్లల బడికి ఆమె పేరే పెట్టుకున్నారు ఆ ఊరివాళ్ళు. చనిపోయిన ఆమెకి ఒక ఊరు అంత చేస్తే, బతికి తొంభై ఏళ్ళు జీవించిన పిల్లకి పుట్టిన ఊరు ఒక స్మారక పలక పెట్టలేదా?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ విషయం బయటికి రాగానే 'టైటానిక్‌లో మన తెలుగమ్మాయి' అని రీల్స్ చేసేవాళ్ళు బయలుదేరతారు. అలా చెయ్యొద్దు. ఆమె అమెరికా వాళ్ళ బిడ్డ, గుంటూరులో పుట్టి పన్నెండేళ్ళ వరకు ఈ దేశంలో పెరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్తేనే అది మనకి గౌరవం. అలాగే నగరపాలక సంస్థ వారికి ప్రత్యేకంగా విన్నపం: ఏ పార్కులోనో ప్లాస్టర్‌తో ఓడ ముందుభాగం కట్టి, చేతులు చాపి ఫొటోలు దిగే చోటుగా మార్చే ఆలోచన ఎవరైనా తెస్తే దయచేసి కాగితం మీదే ఆపేయండి. పదిహేను వందల మంది చావు అది.

పలక పెడితే దాని మీద ఏం రాయాలి అన్నది నాకు అసలు విషయం. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. 'గుంటూరు పిల్ల అద్భుతంగా బతికింది' అని రాసి ఊరుకుంటే సగం అబద్ధం రాసినట్టే. ఆ పిల్లలు ఎందుకు బతికారో కూడా రాయాలి.

బ్రిటన్‌లో జరిగిన విచారణ నివేదికలో లెక్కలున్నాయి. సెకండ్ క్లాసులో ఉన్న పిల్లలు 24 మంది, 24 మందీ బతికారు. థర్డ్ క్లాసులో 79 మంది పిల్లలు, బతికింది 27 మంది. 52 మంది పిల్లలు పోయారు. అదే ఓడ, అదే మంచుకొండ, అదే రాత్రి. ఆడవాళ్ళలో ఫస్ట్ క్లాసు వాళ్ళు 144 మందిలో 140 మంది బతికితే, సెకండ్ క్లాసులో 93కి 80, థర్డ్ క్లాసులో 165కి 76. మగవాళ్ళ లెక్క ఇంకో రకం, సెకండ్ క్లాసు మగవాళ్ళు 168 మందిలో బయటపడింది 14 మందే. అలెన్ బెకర్ ఆ రోజు భార్యాపిల్లల వెంట ఉండుంటే ఏమయ్యేదో ఈ అంకె చెప్తోంది.

పిల్లల మధ్య ఈ తేడా ఎందుకు వచ్చింది? బెకర్ వాళ్ళ గది ఎఫ్ డెక్ మీద, అంటే ఓడలో బాగా కిందే. థర్డ్ క్లాసు గదులు కూడా ఆ డెక్ మీద ఉన్నాయి. లోతు ఒకటే, దారి వేరు. సెకండ్ క్లాసు వాళ్ళకి తమ మెట్లు నేరుగా పడవలుండే పై డెక్ దాకా వెళ్తాయి, అక్కడ వాళ్ళు రోజూ నడిచే స్థలం కూడా ఉంది, పడవలు ఎక్కడున్నాయో కళ్ళతో చూసిన వాళ్ళు. థర్డ్ క్లాసు వాళ్ళకి ఆ డెక్ మీదికి వెళ్ళే హక్కే లేదు. ఆ రాత్రి వాళ్ళు పైకి రావాలంటే ఎప్పుడూ నడవని దారుల్లో, వేరే క్లాసుల వాళ్ళ చోట్లలోంచి, సామాన్లతో, పిల్లలతో, చాలామంది ఇంగ్లిష్ రాకుండా, ఎవరైనా దారి చూపిస్తే తప్ప రాలేరు. కొందరికి దారి చూపించారు, చాలామందికి చూపించలేదు.

గుడ్‌విన్ అని ఒక కుటుంబం ఉంది. ఇంగ్లండ్ నుంచి నయాగరా దగ్గర ఉద్యోగం కోసం వెళ్తున్నారు, థర్డ్ క్లాసులో. తల్లి, తండ్రి, ఆరుగురు పిల్లలు. ఎనిమిది మందీ పోయారు. అందరికన్నా చిన్నవాడు సిడ్నీ, పందొమ్మిది నెలల వాడు. మన రిచర్డ్‌ది కూడా ఇంచుమించు అదే వయసు. ఒక్క పసివాడి శవం మాత్రం సముద్రంలో దొరికింది, ఎవరో తెలియలేదు. శవాల్ని వెతకడానికి వెళ్ళిన మెకే-బెనెట్ అనే ఓడ నావికులు తమ సొంత డబ్బుతో కెనడాలోని హాలిఫాక్స్‌లో ఆ బిడ్డకి సమాధి రాయి వేయించారు, దాని మీద పేరు లేదు, 'పేరు తెలియని బిడ్డ' అనే ఉంది. మొదట డీఎన్ఏ పరీక్ష చేసినప్పుడు వేరే పిల్లాడి పేరు చెప్పారు, అది తప్పని తేలి, మళ్ళీ పరీక్షలు చేసి, 2007లో అది సిడ్నీ గుడ్‌విన్ అని తేల్చారు. తొంభై అయిదేళ్ళు పట్టింది ఆ బిడ్డకి పేరు తిరిగి రావడానికి. గుడ్‌విన్ వాళ్ళలో మిగతా ఎవరి శవాన్నీ గుర్తించలేదు. ఇంకో కుటుంబం, సేజ్ వాళ్ళు, తల్లిదండ్రులు, తొమ్మిది మంది పిల్లలు, పదకొండు మందీ పోయారు, వాళ్ళదీ థర్డ్ క్లాసే.

రిచర్డ్ బెకర్‌ని ఆఫీసరు ఎత్తి పడవలో పెట్టాడు. సిడ్నీ గుడ్‌విన్‌ని ఎత్తి పెట్టే మనిషి ఎదురుగా లేడు. ఆ ఇద్దరు పసివాళ్ళ మధ్య ఉన్న తేడా వాళ్ళ నాన్నలు కొన్న టికెట్టు. రూత్ కథని మన పిల్లలకి చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పకపోతే ఆమెకే అన్యాయం చేసినట్టు, ఎందుకంటే తమ్ముడి దుప్పటి బాయిలర్ కార్మికుడి మీద కప్పిన పిల్ల ఆమె.

టీచర్లూ, ఇక్కడ మీ పాఠానికి చాలా సరుకు ఉంది. బ్రిటన్ విచారణ జరిపిన లార్డ్ మెర్సీ, థర్డ్ క్లాసు వాళ్ళ పట్ల అన్యాయం జరగలేదని తీర్పు రాశాడు. వాళ్ళు ఓడ వదలడానికి ఇష్టపడలేదు, సామాన్లు వదల్లేదు, అందుకే ఎక్కువమంది పోయారు అని కారణాలు చెప్పాడు. ఆ విచారణలో ఒక్క థర్డ్ క్లాసు ప్రయాణికుణ్ణి కూడా పిలిచి అడగలేదు. ప్రయాణికుల్లో సాక్ష్యం చెప్పింది ఓడ కంపెనీ పెద్ద ఇస్మే, ఫస్ట్ క్లాసులో వెళ్ళిన డఫ్ గోర్డన్ దంపతులు, అంతే. ఆ దంపతులు ఎక్కిన పడవలో నలభై మందికి చోటుంటే పన్నెండు మంది వెళ్ళారు. అమెరికా సెనేట్ జరిపిన విచారణలో మాత్రం కొందరు థర్డ్ క్లాసు వాళ్ళని పిలిచారు, గేటు అడ్డం పెట్టారని చెప్పిన ఐరిష్ కుర్రాడి మాట అక్కడ రికార్డైంది. ఎవర్ని సాక్షిగా పిలిచారన్న దాన్ని బట్టి చరిత్ర ఎలా మారిపోతుందో పదో తరగతి పిల్లాడికి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇంకో సంగతి, పడవల సంగతి. టైటానిక్ మీద 20 లైఫ్‌బోట్లు ఉన్నాయి, అన్నిట్లో కలిపి 1178 మందికి చోటు. ఓడలో ఉన్నది రెండువేల రెండు వందల మందికి పైనే. ఇందులో చట్టాన్ని మీరింది ఏమీ లేదు, అది గమనించాలి. పదివేల టన్నులు దాటిన ఓడకి పదహారు పడవలుంటే చాలు అని 1894 నాటి బ్రిటన్ రూలు చెప్పింది. టైటానిక్ 46 వేల టన్నుల పైమాటే. ఓడలు నాలుగున్నర రెట్లు పెరిగినా రూలు మారలేదు, కంపెనీ రూలు కన్నా నాలుగు పడవలు ఎక్కువే పెట్టింది, అందరూ చేతులు దులుపుకున్నారు. ఆ ఉన్న పడవలు కూడా నిండకుండా వెళ్ళాయి, మొదటి పడవలో 65 మందికి చోటుంటే దిగింది ఇరవై ఎనిమిది మందే. 1914 జనవరిలో పదమూడు దేశాలు కూర్చుని ప్రతి మనిషికీ పడవలో చోటు ఉండాలని, వైర్‌లెస్ దగ్గర రాత్రీ పగలూ మనిషి ఉండాలని ఒప్పందం రాసుకున్నాయి. అప్పటికి పోయినవాళ్ళు పోయారు.

మన దగ్గర ఇది పాత కథ కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి పోయినవాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీక మాసంలో పవిత్ర సంగమం చూడ్డానికి వచ్చినవాళ్ళు. అనుమతి లేని పడవ అది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో ఇంకోటి. ఆ రెండుసార్లూ వార్తలు చూస్తూ మనమంతా లైఫ్ జాకెట్ల గురించి, లైసెన్సుల గురించి మాట్లాడుకున్నాం, కొన్ని నెలలు. రూత్ పాఠం బడిలో ఉంటే ఆ మాట కొన్ని నెలలతో ఆగదు, ప్రతి ఏడాదీ ఒక తరగతి పిల్లలు ఎక్కే ముందు జాకెట్టేది అని అడిగే అలవాటు నేర్చుకుంటారు. రూత్ కూడా నోరు తెరిచి అడిగింది కాబట్టే 13వ పడవలో ఉంది.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేవి, ఎవరివి వాళ్ళకి.

సంఘం పెద్దలకు. మిషన్ కాలం నాటి బాప్తిస్మ రిజిస్టర్లు, ఉత్తరాలు, వార్షిక నివేదికలు పాత బీరువాల్లో ఉన్నంతకాలం వాటికి చెదలూ తేమా శత్రువులే. 1899 నాటి రిజిస్టర్లు, 1912 ఏప్రిల్, మే నెలల కాగితాలు ముందు బయటికి తీయించండి. భార్యాపిల్లలు ఎక్కిన ఓడ మునిగిందన్న కబురు గుంటూరులో ఉన్న ఒక మిషనరీకి చేరిన రోజులవి, అప్పుడు ఈ ఊళ్ళో రాసుకున్న ఏ చిన్న చీటీ అయినా విలువైనదే. చిన్నతనంలోనే ఇక్కడ చనిపోయిన ఆ కొడుకు వివరాలు కూడా ఆ కాగితాల్లో వెతికించండి. ముందు స్కాన్ చేయించి ఎవరైనా చూడగలిగేలా పెట్టండి, అసలు ప్రతులు మీ దగ్గరే భద్రంగా ఉండనివ్వండి. ఏసీ కాలేజీ విద్యార్థులకి అప్పగిస్తే ఇష్టంగా చేస్తారు, నాకు నమ్మకం ఉంది. రూత్ ఒక్కతే కాదు, ఆ రిజిస్టర్లలో ఈ ఊరి దళిత కుటుంబాల మూడు నాలుగు తరాల పేర్లు ఉంటాయి, చాలామందికి తాతముత్తాతల పేరు రాతలో దొరికే చోటు అదొక్కటే. దొరల పిల్ల పేరు కోసం తెరిచిన పుస్తకంలో వాళ్ళ పేర్లు కూడా వెలుగు చూస్తే అంతకన్నా కావలసింది లేదు.

టీచర్లకు. ఏప్రిల్ 15 పరీక్షల హడావిడిలో పోతుంది, అందుకని అక్టోబరు 28 పెట్టుకోండి, ఆమె పుట్టినరోజు. ఒక్క పీరియడ్ చాలు. ఆ లెక్కల పట్టిక బోర్డు మీద వేసి, 24కి 24, 79కి 27 ఎందుకో పిల్లల్నే చెప్పమనండి. సిలబస్‌లో లేదని అనకండి, గుంటూరు పిల్లలకి గుంటూరు సంగతి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నగరపాలక సంస్థకు. ఒక పలక. మిషన్ ఆవరణల దగ్గర్లో, రోడ్డు మీద నడిచేవాళ్ళకి కనపడేచోట, తెలుగులో పెద్ద అక్షరాలతో, కింద ఇంగ్లిష్‌లో. విగ్రహం వద్దు, ప్రారంభోత్సవానికి పెద్ద ఖర్చూ వద్దు. రాయాల్సింది నా మనసులో ఇలా ఉంది, మార్చాలంటే మార్చండి:

'రూత్ బెకర్. గుంటూరులో 1899 అక్టోబరు 28న పుట్టింది. 1912 ఏప్రిల్ 15న టైటానిక్ ఓడ మునిగినప్పుడు తల్లి నెల్లీ, చెల్లి మేరియన్, తమ్ముడు రిచర్డ్‌తో పాటు ప్రాణాలతో బయటపడింది. ఆ ఓడలో సెకండ్ క్లాసు పిల్లలు 24 మందీ బతికారు. థర్డ్ క్లాసు పిల్లలు 79 మందిలో 52 మంది చనిపోయారు.'

చివరి రెండు వాక్యాలు మాత్రం తీసేయకండి. స్థలం లేదు, అక్షరాలు ఎక్కువయ్యాయి అని ఎవరైనా అంటే పైనున్న తల్లి, చెల్లి, తమ్ముడి పేర్లు తగ్గించండి, అవి మాత్రం ఉంచండి.

పలకకయ్యే డబ్బు మిమ్మల్ని అడగను. ఊళ్ళో ఉన్నవాళ్ళం, ఊరు వదిలి అమెరికాలో, హైదరాబాదులో ఉంటున్న గుంటూరు వాళ్ళం చందాలు వేసుకుంటాం. మీరు చెయ్యాల్సింది చోటు చూపించి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టడం. ఆ దరఖాస్తు ఈ ఉత్తరంతో పాటే మీ ఆఫీసులో ఇస్తున్నాను, రసీదు ఇప్పించండి.

ఇట్లు,
మీ ఊరివాడు